పిచ్చుక పెట్టెలో కెమెరా: ముక్కున ఏం పట్టుకొస్తున్నాయో చూడండి

నమస్తే అండీ. బొమ్మ నలుపు తెలుపులో ఉందని రాత్రి అనుకోకండి. కడపలో మిట్టమధ్యాహ్నం ఇది. బయట ఎండకు కళ్లు తెరవలేకపోతున్నాం, పెట్టె లోపల మాత్రం చీకటి. ఆ మూలకు చూడండి, ఎండుగడ్డిలోంచి నోళ్లు తెరుచుకుని నాలుగు పిల్లలు. ఇప్పుడు పైన రంధ్రం మీద కన్నేసి ఉంచండి... అదిగో, తల్లి వచ్చేసింది. ముక్కున ఏదో పట్టుకుంది. ఇక్కడ ఆపి పెద్దది చేస్తాను. చూశారా? గొంగళిపురుగు. గింజ కాదు. ఈరోజు మనం మాట్లాడుకునేది ఆ పురుగు గురించే.

పిచ్చుక అంటే గింజలు అని మన మనసులో పడిపోయింది. గుడి మండపాల్లో, ఇంటి పంచల్లో వరికంకుల కుచ్చులు వేలాడదీయడం పెద్దల నుంచి వచ్చిన చక్కటి అలవాటు. మేమూ కట్టాం. ఎదిగిన పిచ్చుకలు ఆ కంకుల మీద వాలి వలుచుకుని తింటాయి. నేను చెప్పేది పిల్లల సంగతి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల మొదటి రోజుల్లో దాదాపు పురుగుల మీదే పెరుగుతుంది. గొంగళిపురుగులు, పేనుబంక, మిడతలు, సాలీళ్లు, చిన్న చిన్న పెంకుపురుగులు. గింజలు ఆ తర్వాతే, మెల్లమెల్లగా. చదివి తెలుసుకోవడం ఒకటి, పొద్దున్నుంచి మునిమాపు దాకా ఆ ముక్కుల్లో ఏం వస్తోందో కళ్లారా చూడడం ఒకటి.

ముందు పెట్టె. పాత మట్టిమిద్దెల్లో దూలాలకీ దంతెలకీ నడుమ సందులుండేవి, వెలుతురు కోసం మిద్దెకప్పులో వదిలిన గవాచి ఉండేది, రాతిగోడల్లో బొక్కలుండేవి. పిచ్చుకలు వాటిలోనే కాపురం పెట్టేవి. స్లాబు వేసి, కిటికీలకు అద్దాలు బిగించిన ఇంట్లో వాటికి తలదూర్చే చోటు లేదు. ఆ చోటు మనమే చేసి ఇవ్వాలి. వడ్రంగితో చేయించుకునేవాళ్లు కొలతలు రాసుకోండి. లోపల అడుగు భాగం 15 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు. ఎత్తు 25, ఎందుకంటే కెమెరాకు కూడా చోటు కావాలి. రంధ్రం 32 మిల్లీమీటర్లు, అడుగు నుంచి 15 సెంటీమీటర్ల పైన. రంధ్రం మరీ పెద్దదైతే గోరింకలు దూరి పెట్టెను పట్టేసుకుంటాయి. రంధ్రం ముందు వాలడానికి పుల్ల బిగించకండి. పిచ్చుకకు అది అక్కర్లేదు, కాకికి మాత్రం నిలబడి లోపలికి ముక్కు పెట్టడానికి పనికొస్తుంది. లోపల పెయింటు, వార్నిషు ఏవీ వద్దు.

మనది రాయలసీమ. మే నెలలో 42, 43 డిగ్రీలు మనకు మామూలు. కాబట్టి పెట్టె ఎటు చూస్తోందన్నది చాలా ముఖ్యం. పడమర ఎండ పడే గోడకు కట్టారంటే సాయంత్రానికి అది పొయ్యి మీద బానే. ఉత్తరానికో తూర్పుకో తిప్పి, చూరు నీడలో, పిల్లి అందుకోలేని ఎత్తున కట్టండి. రేకు డబ్బాలు, ప్లాస్టిక్ డబ్బాలు మన ఊళ్లకు పనికిరావు, చెక్కే కావాలి. పక్కగోడల పైభాగంలో గాలి ఆడడానికి నాలుగు చిన్న చిల్లులు, అడుగున వాన నీళ్లు కారిపోవడానికి ఇంకో నాలుగు. మేం మూత మీద గోనెసంచి మడతపెట్టి కట్టాం.

ఇక కెమెరా. పైమూతకు లోపలి నుంచి కిందికి చూసేలా బిగించాలి. మామూలు సీసీ కెమెరా కొన్ని మీటర్ల దూరానికి ఫోకస్ చేసి వస్తుంది, జానెడు దూరంలో పిట్టను చూపమంటే అంతా మసకే. లెన్సు చేత్తో తిప్పి సరిచేసుకునే రకం అడిగి తీసుకోండి. చీకట్లో చూడ్డానికి వాటిలో ఇన్‌ఫ్రారెడ్, అంటే పరారుణ కిరణాల లైట్లు ఉంటాయి. 850 నానోమీటర్ల రకం సన్నగా ఎర్రగా మెరుస్తుంది, 940 రకం అసలు కనబడదు. పిచ్చుకలకు అతినీల కిరణాలు కనిపిస్తాయి గానీ పరారుణ కిరణాలు కనిపించవు, అందువల్ల 940 లైటు కింద వాటికి చీకటి చీకటిగానే ఉంటుంది. ఇదంతా పిట్టలు గడ్డి మోయడం మొదలుపెట్టక ముందే అయిపోవాలి. గుడ్లు పెట్టాక కెమెరా దూర్చాలని చూడకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లనూ గూళ్లనూ కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కగడుతుంది. చట్టం మాట అటుంచినా, భయపడిన జంట గూడు వదిలేసి పోతుంది.

కెమెరా పెట్టి పక్షిని చూడడం మన జిల్లాకు కొత్తేమీ కాదు సుమండీ. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986 జనవరిలో లంకమల దగ్గర మళ్లీ బయటపడింది. అది రాత్రిళ్లు తిరిగే పిట్ట. దాని జాడ పట్టడానికి పరిశోధకులు ఆ చిట్టడవిలో కెమెరాలు అమర్చారు, అవే ఫొటోలు తీశాయి. మనిషి పక్కన లేకుండా చూడడంలో ఉన్న మేలు అది. మన పెరటి పిట్టకూ అదే మర్యాద దక్కాలని నా ఆశ.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం. ఈ ముక్క గూడు కట్టే రోజులది. గొంతు కింద నల్లటి మచ్చ ఉన్నది మగది. చోటు ముందుగా వెతికి పెట్టుకునేది, దాని ముందు కూర్చుని ఆడదాన్ని పిలిచేది అదే. ఎండుగడ్డి, కొబ్బరిపీచు, కోడి ఈకలు తెచ్చి కుక్కుతున్నాయి. ఆ తెల్లటి పోగు చూడండి, దారం. దారం, గాలిపటం మాంజా పెరట్లో పడి ఉంటే ఏరేయండి. పిల్లల కాళ్లకు చుట్టుకుంటే తెగదు, కాలు కోసుకుపోతుంది. ఇక ఇది నాకు బాగా నచ్చిన ముక్క: మగది ఇంటి ముందరి వేపచెట్టు నుంచి పచ్చి ఆకు తుంచుకొచ్చి గడ్డిలో పెడుతోంది. కలకత్తాలో పిచ్చుకలు గూళ్లలో వేపాకు పెట్టుకోవడం గమనించి, గూట్లో చేరే పురుగూ పుట్రా తగ్గడానికే అలా చేస్తున్నాయని 1981లో ఒక పరిశోధకుడు రాశారు. తట్టు పోసిన పిల్లల కింద వేపాకు పరిచే మన ఇళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా!

గుడ్లు రోజుకొకటి. తెలుపు మీద గోధుమరంగు చుక్కలు. ఇద్దరూ వంతులవారీగా కూర్చుంటారు గానీ రాత్రంతా గూట్లో ఉండేది తల్లే. గుడ్డుకు వెచ్చదనం అందించే ఈకల్లేని పొట్టభాగం తల్లికే ఏర్పడుతుంది, మగదానికి అది రాదు. 11 నుంచి 14 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఒంటి మీద నూగు కూడా లేకుండా, కళ్లు మూసుకుని. పెంకుముక్కల్ని తల్లి ముక్కున కరుచుకుని బయట పారేస్తుంది. పిల్లల రెట్ట కూడా సన్నటి పొరలో చుట్టిన సంచిలా వస్తుంది, దాన్నీ అలాగే మోసుకుపోతాయి. అందుకే గూడు అంత శుభ్రంగా ఉంది.

ఇక్కడ నుంచి శ్రద్ధగా చూడండి. తల్లి, తండ్రి, మళ్లీ తల్లి. నిమిషాల తేడాతో వస్తూనే ఉన్నాయి. గూట్లోకి దిగగానే ఏ నోరు ఎక్కువ పైకి లేస్తే, ఏ నోరు ముందుంటే అందులో పెడుతున్నాయి. మిగిలిన వాటి సంగతి తర్వాతి దఫాలో. తల్లి ఆఖరి గుడ్డు పెట్టకముందే పొదగడం మొదలుపెడుతుంది కాబట్టి ఆ ఆఖరి పిల్ల తోబుట్టువుల కంటే ఆలస్యంగా వస్తుంది, చిన్నదిగా ఉంటుంది. ఎడమవైపు కింద ఉన్నది అదే. ఆహారం పుష్కలంగా ఉంటే అదీ బతుకుతుంది. తక్కువైతే ముందు పోయేది అదే. మా గూట్లో అది పోయింది. చూస్తూ కూర్చున్నప్పుడు ఇంట్లో అందరి గొంతూ పట్టేసింది. ఆ రెండు రోజులూ తల్లిదండ్రులు తెచ్చినవి ఎక్కువగా నూకలు, అన్నం మెతుకులు. పురుగు తక్కువ. గాలి వేడెక్కి పెరడంతా ఎండిపోయిన రోజులవి. ఇంగ్లండులో లెస్టర్ నగర శివారుల్లో జరిగిన పరిశోధనలోనూ ఇదే తేలింది: పేనుబంక లాంటి చిన్న పురుగులు కరువైన చోట పిచ్చుక పిల్లలు గూట్లోనే చనిపోతున్నాయి.

మన ఎండలో దీనికి ఇంకో కోణం ఉంది. పిచ్చుక పిల్లలకు ఎవరూ నీళ్లు తెచ్చి పోయరు. వాటికి కావలసిన నీళ్లన్నీ తిండిలోంచే రావాలి. పక్షులకు చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటాయి. అంటే ప్రతి రొప్పుకూ ఒంట్లో తేమ పోతోంది. ఈ రెండుగంటల వేళ వీడియో చూడండి, పిల్లలు ఒకదానికొకటి దూరం జరిగి, మెడలు చాచి, నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆకలికి కాదు, వేడికి. పోయిన తేమను పూడ్చేది రసం నిండిన పురుగే, ఎండు నూక కాదు. సీమలో ఉన్న మనకు ఈ సంగతి అందరికంటే ముందు అర్థం కావాలి.

కాబట్టి నేను అడిగేది ఒకటే: పెరట్లో మందు కొట్టకండి. మా గోంగూర మడిలో ఆకులన్నీ చిల్లులు పడితే అమ్మ మందు కొట్టిద్దామంది. జేజి, అంటే మా అవ్వ, ఒప్పుకోలేదు. రోజూ ఫోన్లో ఈ గూడు చూస్తూ ఉంటుంది ఆమె. "మందు గొడితే ఆ పిట్ట పిల్లోల్లకి ఏం తెచ్చి పెడ్తాదమ్మా? నాలుగాకులు పోతే పోనీలే" అనింది. అమ్మ ఇంక ఆ ఊసెత్తలేదు. దానిమ్మ కింద గడ్డి పీకడం మానేశాం. ఒక మూల వట్టి మన్ను వదిలేశాం, పిచ్చుకలు అందులో పొర్లాడి మన్నుస్నానం చేస్తాయి. లోతు లేని మూకుడులో నీళ్లు, మధ్యలో ఒక రాయి, నీడలో. నీళ్లు రోజూ మార్చాలి.

సెల్ టవర్ల వల్లే పిచ్చుకలు పోయాయని ఎక్కడికెళ్లినా వింటున్నాం. ఆ మాటకు గట్టి ఆధారం లేదండీ. 2020లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదిక దేశమంతటా కలిపి చూస్తే పిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే ఉందనీ, మహానగరాల్లో మాత్రం తగ్గిందనీ చెప్పింది. టవరును తిట్టి ఊరుకుంటే మన చేతిలో చేయడానికి ఏమీ మిగలదు. పురుగుమందు డబ్బా మన చేతిలోనే ఉంది, దాన్ని పక్కన పెట్టడం కూడా మన చేతిలోనే ఉంది.

చివరి ముక్క. పుట్టిన రెండు వారాలు దాటాక పిల్లలు ఇలా రంధ్రంలోంచి తల బయటపెట్టి చూస్తాయి, ఒక్కొక్కటే దూకుతాయి. సరిగ్గా ఎగరలేక నేల మీద కూర్చున్న పిల్ల కనిపిస్తే తప్పిపోయిందని ఇంట్లోకి తీసుకెళ్లకండి. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి ఇంకా కొన్ని రోజులు మేత పెడతాయి. పిల్లి భయం ఉంటే ఎత్తి కొమ్మ మీద పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్న మాట నిజం కాదు.

ఇప్పుడు ఇదే జంట ఇదే పెట్టెలో రెండో విడతకు కొత్త గడ్డి సర్దుకుంటోంది. అందుకని పాత గూడు తీయలేదు, మీరూ తీయకండి. గడ్డి మోయడం పూర్తిగా ఆగిపోయి, కొన్ని వారాలు ఏ పిట్టా రాకపోతే అప్పుడు కెమెరా విప్పి పక్కన పెట్టి, గూడు తీసేసి, పెట్టెను మరిగే నీళ్లతో కడిగి రెండ్రోజులు ఎండలో పెట్టండి. మందులేమీ చల్లొద్దు. పిచ్చుకలు గుంపుగా ఉండే జాతి, ఇరుగుపొరుగుగా గూళ్లు పెట్టుకుంటాయి కాబట్టి అదే గోడకు రెండోది, మూడోది కూడా కట్టొచ్చు. శివరాత్రి లోపల కట్టేయండి, ఎండలు ముదిరే లోపల మొదటి విడత పిల్లలు ఎగిరిపోయే వీలుంటుంది.