పేకముక్కలతో పరిచయాలు

శ్రోతలకు నమస్కారం. పేకాట గురించి రేడియోలో మాట్లాడబోతున్నానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వారు. డబ్బులు పెట్టి ఆడే ఆట కాదులెండి. కొత్తగా కలిసినవాళ్లు ఒకరి గురించి ఒకరు తెలుసుకోవడానికి నేను తయారుచేసుకున్న ఆట ఇది. దీనికి ఇంట్లో పడున్న పాత పేక కట్ట, కాసిని తెల్లకాగితాలు, గమ్ము ఉంటే చాలు, కాగితం మీద ప్రశ్న రాసి ముక్కకి అంటించడమే.

ఈ ఆలోచన ఎందుకు వచ్చిందంటే, మనం కొత్తవాళ్లను పలకరించే తీరు చూసి. అపార్ట్‌మెంట్‌లోకి కొత్త కుటుంబం దిగిందనుకోండి, లిఫ్టులో కనపడ్డప్పుడే మొదలవుతుంది: ఏ ఊరండీ మీది, సారు ఎక్కడ పనిచేస్తారు, పిల్లలెంతమంది, ఇంతకీ ఇంటిపేరేమన్నారు? ఆ చివరి ప్రశ్నతో రాబట్టాలనుకుంటున్నది ఏమిటో అడిగేవాళ్లకీ తెలుసు, చెప్పేవాళ్లకీ తెలుసు. కులం తెలిస్తే మనిషి తెలిసిపోయినట్టే లెక్క. పైగా ఇన్ని అడిగినవాళ్లు తమ గురించి ఒక్క ముక్కా చెప్పరు. ఉద్యోగం ఇంటర్వ్యూయే నయం, కనీసం జీతం వస్తుందన్న ఆశైనా ఉంటుంది.

అందుకే నా ఆటలో ఊరు, ఇంటిపేరు, జీతం, పెళ్లి, ఈ నాలుగూ నిషేధం. రెండో నియమం ఇంకా ముఖ్యం: ముక్క తీసి ప్రశ్న అడిగినవాళ్లు, ఆ ప్రశ్నకు ముందు తామే జవాబు చెప్పాలి.

ఇది నా సొంత తెలివేం కాదు. ఆర్థర్ ఆరన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1997లో ఒక పరిశోధన ప్రచురించారు. ముక్కూమొహం తెలియనివాళ్లను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, 36 ప్రశ్నలను మూడు విడతలుగా ఇచ్చి, 45 నిమిషాలు మాట్లాడుకోమన్నారు. మొదట తేలిక ప్రశ్నలు, పోనుపోను లోతైనవి, ప్రతిదానికీ ఇద్దరూ జవాబు చెప్పాలి. ఊరికే పిచ్చాపాటీ మాట్లాడుకున్న జంటల కంటే వీళ్లకి చివర్లో ఎక్కువ దగ్గరితనం అనిపించిందట. ప్రేమలో పడేసే ప్రశ్నలంటూ తర్వాత వీటికి తెగ ప్రచారం వచ్చింది గానీ, వాళ్లు చూసింది చనువు ఎలా పుడుతుందనే.

ఆ మూడు విడతలూ మన పేకలో చక్కగా ఇమిడిపోయాయి. రెండు నుంచి అయిదు దాకా ఉన్న ముక్కలు 16, తేలిక ప్రశ్నలు. ఆరు నుంచి పది దాకా 20, కాస్త బరువైనవి. జాకీ, రాణి, రాజు, ఆసు కలిపి ఇంకో 16. వీటిని మూడు కట్టలుగా విడదీసి, దేనికదే కలిపి, చిన్న ముక్కలతో మొదలుపెట్టాలి. అన్నీ కలిపేస్తే కూర్చున్న రెండో నిమిషంలోనే ఇస్పేటు రాజు తగులుతాడు, అవతలి మనిషి ఫోన్ వచ్చిందని లేచి వెళ్లిపోతాడు. ఇక రంగుల విషయానికొస్తే ఆటీను ఇష్టాలకి, కళావరు చిన్నతనానికీ ప్రయాణాలకీ, డైమండ్ పనికీ డబ్బుకీ (మొదటి సంపాదనతో ఏం కొన్నారు, ఇలాంటివి), ఇస్పేటు భయాలకీ కోపాలకీ. ఆసులు మాత్రం ఖాళీ, తీసినవాళ్లు తమకు తోచింది అడగొచ్చు.

రమ్మీలో ముక్క ముట్టకముందే ఆట వదిలేసి డ్రాప్ అంటే 20 పాయింట్లు పడతాయి, మధ్యలో అంటే 40. నా ఆటలో జవాబు చెప్పకుండా డ్రాప్ అన్నా సున్నాయే, ఎందుకు డ్రాప్ అని కూడా అడగకూడదు. పాయింట్లు లేకపోతే అది ఆటెలా అవుతుందని పేకాట రాయుళ్లు సణిగారు. పెడితే గెలవడం కోసం కథలల్లడం మొదలవుతుంది, అందుకే వద్దనుకున్నాను.

నాకు ఎక్కువ పనిపెట్టింది ప్రశ్నలు రాయడం. మీకిష్టమైన వంటేది అని అడిగితే గుత్తివంకాయ అంటారు, అక్కడితో సరి. మీ ఇంట్లో ఒకరి చేత్తో చేస్తేనే రుచొచ్చే వంట ఏది, వాళ్లు అందులో ఏం చేస్తారు అని అడగండి, అమ్మమ్మ దగ్గర్నుంచి రోటి పచ్చడి దాకా వస్తాయి. అంటే, జవాబులో ఒక సంఘటనో ఒక మనిషో రావాలి, అలా రాని ప్రశ్నలన్నీ చింపేశాను.

మా కళావరు అయిదులో ఉన్న ప్రశ్న, బస్సు కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు ఆపుకున్నప్పుడు జరిగిన గొడవ చెప్పండి అని. మా బ్లాకులో రిటైరైన కండక్టరు గారొకరు ఉన్నారు, ఎదురుపడితే తలూపడం తప్ప మాట్లాడరు. ఆ ముక్క రాగానే ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. పండగ రద్దీలో ఒకాయన రుమాలు లేక, కిటికీలోంచి రెండేళ్ల కొడుకునే సీట్లో కూర్చోబెట్టాడట. ఆ తండ్రి తలుపు దాకా వచ్చేలోగా బస్సు కదిలింది. పిల్లాడు ఈయన టికెట్ల సంచి పట్టుకుని ఒకటే ఏడుపు, తండ్రి ఆటో ఎక్కి తర్వాతి స్టాపులో అందుకున్నాడట. సీటు మాత్రం ఎవరూ తీసుకోలేదండీ, అన్నారాయన.

నలుగురు నుంచి ఆరుగురైతే బాగుంటుంది, అంతకు మించితే వంతు వచ్చేసరికి నిద్రొస్తుంది. పిల్లల్ని కూడా కూర్చోనివ్వండి, ఆసులు వాళ్ల చేతిలో పడితే మజా వేరు. మొన్న ఎనిమిదో తరగతి అమ్మాయికి ఆసు వచ్చింది. అబద్ధం చెప్పి ఎగ్గొట్టింది ఏదైనా ఉంటే చెప్పండి అని అడిగింది. పెద్దవాళ్లంతా పైకప్పు చూస్తున్నారు. అడిగినవాళ్లే ముందు చెప్పాలి కదా, ట్యూషన్ అంది. వాళ్లమ్మ పక్కనే ఉంది.

ఉంటానండీ, నమస్కారం.