మెరైన్ ట్యాంక్‌లో నైట్రేట్ దిగట్లేదా? సల్ఫర్ డీనైట్రేటర్ ఇలా పనిచేస్తుంది

[దృశ్యం: టెస్ట్ కిట్ సీసా, నీళ్లు ముదురు గులాబీ రంగులో]

నమస్కారం. ఈ రంగు చూడండి. ఈ మెరైన్ ట్యాంక్‌లో, అంటే ఉప్పునీటి అక్వేరియంలో, నైట్రేట్ 50 పీపీఎం (లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు) దగ్గరుంది. చేపలు బాగానే తింటున్నాయి, తిరుగుతున్నాయి. కానీ పగడాల రంగు గోధుమకు తిరిగింది, అద్దం మీద నాచు ఎంత గీకినా మళ్లీ పడుతోంది.

మేత నుంచి, చేపల వ్యర్థాల నుంచి అమోనియా పుడుతుంది. బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. మామూలు ఫిల్టర్ పని అక్కడితో సరి. పదో వంతు నీళ్లు మారిస్తే 50 కాస్తా 45 అవుతుంది, అంతే. మేత పడుతున్న కొద్దీ మళ్లీ పెరుగుతుంది. మరో మాట: బోరు నీళ్లు నేరుగా కలపకండి. మన దగ్గర చాలా ఊళ్ల బోరు నీళ్లలోనే నైట్రేట్ ఉంటుంది. ముందు ఆ నీళ్లను టెస్ట్ చేయండి.

[దృశ్యం: పసుపు గంధకం గుళికలున్న గొట్టం]

ఇదే డీనైట్రేటర్. లోపల ఉన్నవి గంధకం గుళికలు. లోపలికి వచ్చిన నీళ్లలోని ఆక్సిజన్ కాసేపటికే అయిపోతుంది. అప్పుడు అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని, గంధకంతో బతుకుతుంది. మిగిలిన నత్రజని వాయువై గాల్లో కలిసిపోతుంది. ఈ క్రమంలో ఆమ్లం కూడా పుడుతుంది కాబట్టి పీహెచ్, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) తగ్గుతాయి. అందుకే బయటికొచ్చే నీళ్లను అరగొనైట్ (ఒక రకం కాల్షియం కార్బొనేట్) ముక్కల మీదుగా పంపిస్తాం.

[దృశ్యం: వాల్వ్ చివర నుంచి పడుతున్న చుక్కలు]

అసలు కిటుకంతా ఈ వాల్వ్‌లోనే ఉంది. మొదట్లో సెకనుకు ఒకటి రెండు చుక్కలు చాలు. బ్యాక్టీరియా కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, తొందరపడి తిప్పొద్దు. ట్యాంక్ నీళ్లను కాదు, ఈ చుక్కలనే టెస్ట్ చేయాలి. నైట్రైట్ కనిపిస్తే పని సగంలో ఆగినట్టు: బ్యాక్టీరియా ఇంకా కుదురుకోలేదు, లేదా నీళ్లు వేగంగా పోతున్నాయి. నైట్రైట్, నైట్రేట్ రెండూ సున్నా వచ్చాకే వాల్వ్ కొంచెం తెరవండి. రెండు మూడు రోజులు ఆగి మళ్లీ చూడండి.

కుళ్లిన గుడ్డు వాసన వస్తోందా? నీళ్లు మరీ నెమ్మదిగా పోతున్నాయి. నైట్రేట్ అయిపోయి, లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతోంది. అది చేపలకు విషం. వేగం పెంచండి.

కరెంటు పోయే ఇళ్లలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. పంపు చాలాసేపు ఆగితే గొట్టంలో నిలిచిన నీళ్లలోనూ ఈ హైడ్రోజన్ సల్ఫైడే చేరుతుంది. కరెంటు రాగానే నీళ్లు బయటికొచ్చే పైపును సంప్ (ట్యాంక్‌కు కలిపి ఉండే ఫిల్టర్ తొట్టి) లోంచి తీసి బకెట్లో పెట్టండి. వాసన పోయేదాకా ఆ నీళ్లు పారబోయండి.

మామూలు రోజుల్లో కూడా బయటికొచ్చే నీళ్లలో ఆక్సిజన్ ఉండదు. అందుకే పైపు చివర సంప్‌లో స్కిమ్మర్ (గాలి బుడగలతో వ్యర్థాలు తీసే పరికరం) పక్కన ఉండాలి.

ట్యాంక్‌లో నైట్రేట్ ఎక్కడిదాకా దించాలి? పగడాలున్న ట్యాంక్‌కు 5 నుంచి 10 పీపీఎం నాకు సరిపోతుందనిపిస్తుంది. చేపలు మాత్రమే ఉంటే 20 ఉన్నా టెన్షన్ వద్దు. ట్యాంక్ నీళ్లను సున్నాకు మాత్రం తేవద్దు. పగడాలకూ కొంచెం నైట్రేట్ కావాలి, అది బొత్తిగా లేని ట్యాంకుల్లో డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు జిగటగా ఇసుకంతా పరుచుకుంటాయి. ఫాస్ఫేట్‌ను మాత్రం ఈ పరికరం పెద్దగా తగ్గించదు, దానికి వేరే మీడియా (ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఫిల్టర్ పదార్థం) పెట్టుకోవాల్సిందే.