స్పీడ్ 94 దగ్గరే ఆగిపోతోందా? ముందు డ్రైవర్ జోలికి పోకండి

అందరికీ నమస్తే. హనుమకొండ నయీంనగర్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, 200 ఎంబీపీఎస్ ప్లాన్ కడుతున్న. డెస్క్‌టాప్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 94 దాటుతలేదు. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించిన, విండోస్ కూడా ఫార్మాట్ కొట్టిన. ఇంకేం చెయ్యాలె?"

తమ్ముడూ, ఆ 94 అంకెలోనే సంగతంతా ఉంది. డ్రైవర్, అంటే నెట్‌వర్క్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, తేడా చేస్తే సాధారణంగా స్పీడ్ ఎగుడుదిగుడుగా వస్తుంది, మధ్యలో నెట్ పోయి వస్తుంది. ఎప్పుడు చూసినా 93, 94 దగ్గరే ఆగుతోందంటే నీ నెట్‌వర్క్ కార్డు 100 ఎంబీపీఎస్ లింక్ మీద నడుస్తోందన్నమాట. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్నెట్ తెరిచి 'లింక్ స్పీడ్' చూడు. 1000/1000 ఉండాల్సిన చోట 100/100 ఉంటే ఫార్మాట్ కొట్టడం దండగ.

ల్యాన్ కేబుల్ లోపల 8 తీగలు, అంటే 4 జతలు ఉంటాయి. 100 స్పీడుకు రెండు జతలు చాలు: 1, 2, 3, 6 పిన్నులవి. గిగాబిట్‌కు, అంటే 1000 స్పీడుకు, నాలుగు జతలూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా, క్రింపింగ్ (కేబుల్ చివర ప్లగ్గు బిగించడం) సరిగ్గా పడకపోయినా చాలా కార్డులు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి కేబుల్ మీద ఎవరికీ అనుమానం రాదు.

మన దగ్గర చాలా ఇళ్లలో కేబుల్ డాబా మీద నుంచి కిటికీలోకి దిగుతుంది. మే ఎండలకు తొడుగు పగులుతుంది. ఇక వరంగల్, హనుమకొండ కోతుల గురించి నేను వేరే చెప్పాలా? అవి పట్టుకొని ఊగితే లోపలి తీగ తెగుతుంది, పైకి మాత్రం కొత్తదానిలా ఉంటుంది. కొత్తది కొనేటప్పుడు 'సీసీఏ' అని ఉంటే వద్దనండి. అది అల్యూమినియం మీద రాగి పూత, వంగిన చోట తొందరగా విరుగుతుంది. పూర్తి రాగి తీగల క్యాట్ 5ఈ రకం కేబుల్ అయితే 100 మీటర్ల దాకా గిగాబిట్ వస్తుంది. ఇంట్లోకి అంతకంటే చాలా పై రకం క్యాట్ 8 అమ్మజూపితే నవ్వి వచ్చేయండి.

లింక్ 1000 చూపిస్తూ కూడా నెట్ తెగిపోతుంటే, అప్పుడు డ్రైవర్ సంగతి చూడాలి. అప్‌డేట్ తర్వాత మొదలైతే విండోస్ డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పాత డ్రైవర్‌కు తీసుకెళ్లే 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కండి. ఆ బటన్ పని చేయకపోతే మదర్‌బోర్డ్ లేదా ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ తెచ్చుకోండి. పాతది తీసేయకముందే ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, లేకపోతే దించుకోవడానికి నెట్టే ఉండదు! అదే ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళ్లి, కరెంటు ఆదా చేసే 'ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్' ఆఫ్ చేసి చూడండి. 'స్పీడ్ అండ్ డూప్లెక్స్' మాత్రం ఆటోలోనే ఉంచండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో బాగుచేస్తామనే ఫ్రీ సాఫ్ట్‌వేర్లను నేనైతే నమ్మను.

తమ్ముడూ, నువ్వు ముందు ఒక చిన్న రెడీమేడ్ ల్యాన్ కేబుల్ తీసుకొని డెస్క్‌టాప్‌ను రౌటర్ పక్కనే పెట్టి కలుపు. 1000 వచ్చిందంటే తప్పు ఆ పొడుగు వైరుదే, రెండు చివర్లా క్రింపింగ్ మళ్లీ చేయించు. అప్పుడూ 100 అంటే మాత్రం రౌటర్ పోర్టు, నీ కార్డు గిగాబిట్‌వేనా అని మోడల్ నంబర్ పెట్టి వెతుకు. చవక రౌటర్లలో 100 పోర్టులే వస్తాయి, వాటికి ఏ కేబుల్ వేసినా అంతే.