మా పరిధిలోకి రాదు

అందరికీ నమస్కారం.

ఈ సభ సంగతి వాట్సాప్‌లో పెట్టగానే ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "హంతకుడెవరో మాత్రం చెప్పేయకు, నేనింకా చదవలేదు" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవడం నాకేమీ కష్టం కాదు. తొమ్మిది వందల పేజీల ఇంగ్లీషు అనువాదం కిందామీదా పడి పూర్తిచేసినా, ఆ సంగతి నాకే తెలియలేదు.

నవల పేరు 2666. రాసింది చిలీలో పుట్టిన రొబెర్తో బొలాన్యో. కాలేయ జబ్బుతో 2003లో యాభై ఏళ్లకే పోయాడు. నవల ఆ మరుసటి ఏడాది అచ్చయింది. తను పోయాక పిల్లలకు నాలుగు డబ్బులు వస్తాయని ఐదు భాగాల్నీ విడివిడిగా వేయమన్నాడట. ఇంట్లోవాళ్లు ఒకే సంపుటంగా వేయించారు. ఈరోజు నేను నాలుగో భాగం గురించే మాట్లాడతాను. ఐదూ ఎత్తుకుంటే మీకు ఆఖరి బస్సు దొరకదు.

ఆ భాగం ఇలా మొదలవుతుంది. 1993 జనవరి. మెక్సికోలో, అమెరికా సరిహద్దు దగ్గర సాంతా తెరేసా అనే ఊరు. ఖాళీ స్థలంలో ఆడుకుంటున్న పిల్లలకు ఒక అమ్మాయి శవం కనిపిస్తుంది. తెల్ల టీషర్టు, మోకాళ్ల దాకా పసుపు లంగా. ఆ లంగా ఆమెకు ఒక సైజు పెద్దది.

ఇక్కడ నేను ఆగిపోయాను. మనం అద్దె లైబ్రరీల్లో రోజుకి అర్ధరూపాయి కట్టి డిటెక్టివ్ నవలలు చదివి పెరిగినవాళ్లం. సైజు పెద్దది అనగానే మన బుర్ర పనిచేయడం మొదలుపెడుతుంది. ఆ లంగా ఎవరిది? చంపాక తొడిగారా? ఇంకో ఇరవై పేజీల్లో ఇదే కేసుని తేలుస్తుంది అనుకుంటాం. పెన్సిల్‌తో గీత కూడా పెట్టుకున్నాను. చదువుతూ పోయాను. మరో శవం, మరో చొక్కా, మరో జత బూట్లు. ఆ లంగా కేసుని తేల్చదు. చాలా రోజుల తర్వాత నాకు తట్టింది, మా ఇంట్లో మా చెల్లెలు ఎప్పుడూ ఒక సైజు పెద్ద బట్టలే వేసుకునేదని. అక్క విడిచినవి. ఆ పిల్లది కూడా అంతే అయివుండొచ్చు. డిటెక్టివ్ కంటికి ఆధారంలా కనిపించింది కాస్తా అక్కడ ఉత్త పేదరికం. బొలాన్యో దాన్ని వివరించడు. రాసి వదిలేస్తాడు.

అలాంటి మరణాలు వందకు పైగా ఉన్నాయి ఆ భాగంలో. 1993 నుంచి 1997 చివరి దాకా. అన్నీ పోస్టుమార్టం రిపోర్టు భాషలోనే. నిజం చెప్తున్నాను, రెండుసార్లు పక్కన పడేశాను. విసుగొచ్చింది. శవాల గురించి చదువుతూ విసుగెత్తడం ఏమిటని నామీద నాకే సిగ్గేసింది. ఆ ఊరివాళ్లకు అలవాటైపోయినట్టే మనకూ అవుతుంది. ఇది కావాలని చేశాడా, చేయి తిరగక అలా వచ్చిందా అని విమర్శకులు వాదించుకుంటారు. కావాలనే చేశాడని నా లెక్క. అయినా ఇంకో యాభై పేజీలు తగ్గించి ఉంటే ఆయన సొమ్మేం పోయింది అని కూడా అనిపిస్తుంది.

సాంతా తెరేసా కల్పిత నగరం. దానికి మూలం సియుదాద్ హువారెస్. నది ఇవతల హువారెస్, అవతల అమెరికాలోని ఎల్ పాసో. మధ్యలో వంతెనలు. 1965 నుంచి అక్కడ 'మకీలా'లు పెరిగాయి. బయటినుంచి విడిభాగాలు తెచ్చుకుని, బిగించి, మళ్లీ సరిహద్దు దాటించే ఫ్యాక్టరీలు. 1994లో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం వచ్చాక ఇంకా పెరిగాయి. పని కోసం ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో ఆడపిల్లలు వచ్చారు. తెల్లవారకముందే షిఫ్టు బస్సు. దీపాల్లేని, తారు వేయని వీధులు. 1993 నుంచి హత్యల లెక్క మొదలైంది.

2001 అక్టోబరులో ఇరవయ్యేళ్ల అమ్మాయి ఒకామె ఫ్యాక్టరీకి రెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. లోపలికి రానివ్వలేదు. గేటు దగ్గర నుంచి వెనక్కి తిరిగింది, ఇంటికి చేరలేదు. నవంబరులో ఒక పత్తి చేనులో ఎనిమిది మంది శవాలు బయటపడ్డాయి. ఆమె అందులో ఉంది. ఆ చేను ఊరి చివర ఎక్కడో లేదు, రద్దీ రోడ్ల కూడలిలో ఉంది. ఈ కేసు ఇంటర్-అమెరికన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది. 2009లో ఆ కోర్టు మెక్సికో ప్రభుత్వాన్నే తప్పుపట్టింది. పిల్ల కనిపించడం లేదని వెళ్లిన తల్లులకు స్టేషన్‌లో వచ్చిన జవాబులు కూడా ఆ తీర్పులో ఉన్నాయి. బాయ్‌ఫ్రెండ్‌తో వెళ్లిపోయి ఉంటుంది, వచ్చేస్తుందిలే అని.

మనకిది అనువాదం చేసి చెప్పక్కర్లేదు. "ఎవరితోనో లేచిపోయుంటుంది, నాలుగు రోజులు చూడండమ్మా." ఏ జిల్లా యాసలో కావాలంటే ఆ యాసలో వినొచ్చు.

ఇక జర్నలిస్టు దగ్గరికొస్తాను, ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే అతని కోసం. నవలలో సెర్హియో గొన్సాలెస్ అనే విలేకరి ఉంటాడు. మెక్సికో సిటీలో ఒక పత్రికకు సాహిత్యం, కళల పేజీ రాస్తుంటాడు. క్రైమ్ బీటు కాదు. ఆ ఊళ్లో ఎవడో చర్చిల్లోకి దూరి పాడుచేస్తున్నాడని తెలిసి, ఆ వార్త రాయడానికి వస్తాడు. వచ్చాక ఆడవాళ్ల హత్యల సంగతి చెవిన పడుతుంది. ఇక వదల్లేకపోతాడు.

ఇతను కల్పన కాదు. సెర్హియో గొన్సాలెస్ రొద్రిగెస్ అనే మనిషి నిజంగా ఉన్నాడు. ఆయనా సాహిత్య విమర్శకుడే. హువారెస్ హత్యల మీద 'రిఫార్మా' పత్రికలో రాశాడు. 1999లో మెక్సికో సిటీలో ట్యాక్సీ ఎక్కితే ఎత్తుకెళ్లి చావబాదారు. ఆస్పత్రి పాలయ్యాడు. కోలుకుని 2002లో 'ఎడారిలో ఎముకలు' అని పుస్తకం వేశాడు. స్పెయిన్‌లో ఉన్న బొలాన్యో ఈయనకు ఈమెయిళ్లు రాసి వివరాలు అడిగేవాడు. అడిగి అడిగి, చివరకు ఆ మనిషినే సగం పేరుతో నవలలోకి లాక్కొచ్చేశాడు. గొన్సాలెస్ రొద్రిగెస్ 2017లో గుండెపోటుతో పోయాడు.

నవలలో ఇంకో జర్నలిస్టు కూడా ఉన్నాడు, మూడో భాగంలో. న్యూయార్క్ నుంచి వచ్చిన నల్లజాతి విలేకరి. బాక్సింగ్ పోటీ రిపోర్టు చేయడానికి వస్తాడు. హత్యల సంగతి విని, ఇది రాస్తానని ఎడిటర్‌కు ఫోన్ చేస్తాడు. వద్దంటాడు ఎడిటర్. మన దగ్గర డెస్కులో పనిచేసిన ఎవరికైనా ఈ సీను ప్రత్యేకంగా చదివి వినిపించక్కర్లేదు. జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో, పై మూల, 'యువతి అదృశ్యం' అని సింగిల్ కాలం. ఫోటో, ఎత్తు, ఒంటి మీది బట్టల రంగు, స్టేషన్ నంబరు. ఆ వార్తకు రెండో రోజు ఉండదు.

డిటెక్టివ్ కథలో శవం దొరికాక పని మొదలవుతుంది. ఇక్కడ జర్నలిస్టు పని అంతకంటే ముందే ఉంది. ఎవరు కనిపించడం లేదో రాసిపెట్టుకోవాలి. లెక్క రాసేవాడు లేకపోతే ప్రతి పిల్లా ఒంటరి కేసే. ఒక స్టేషన్‌లో కాగితం, ఇంకో స్టేషన్‌లో కాగితం. వాటిని ఒక చోట పెట్టి చూసినవాడికే అదంతా ఒకే కథ అని తెలుస్తుంది.

సరిహద్దు అంటే రెండు దేశాల మధ్య ఉండేదే అని నేనూ అనుకునేవాడిని. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన 'దిశ' హత్య గుర్తుందా? ఆ రాత్రి ఇది మా పరిధి కాదంటూ స్టేషన్ల మధ్య తిప్పారని ఆ కుటుంబం చెప్పింది. ఎఫ్ఐఆర్ ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. రెండు స్టేషన్ల మధ్య గీతకు ముళ్లకంచె ఉండదు, పాస్‌పోర్టు అక్కర్లేదు. అయినా ఒక తండ్రి దాన్ని దాటలేకపోయాడు.

మిత్రుడికిచ్చిన మాట తప్పకుండానే హంతకుడి సంగతి కూడా చెప్పేస్తాను. నవలలో ఒక జర్మన్‌ను పట్టుకుంటారు. అసలు హువారెస్‌లో 1995లో ఈజిప్టు నుంచి వచ్చిన ఒక కెమిస్టును పట్టుకున్నారు. ఆయన లోపల ఉండగానే బయట హత్యలు సాగాయి. నవలలోని జర్మన్ జైల్లోనే ప్రెస్ మీట్ పెట్టి, చేసింది వీళ్లే అని పేర్లు చెప్తాడు. విలేకరులు రాసుకుంటారు. ఏమీ జరగదు.

చివరి కేసు 1997 డిసెంబరుది. ఆ వెంటనే ఊళ్లో క్రిస్మస్ వస్తుంది. జనం పండగ చేసుకుంటారు. చీకటి వీధుల్లోంచి నవ్వులు వినిపిస్తుంటాయి. నాలుగో భాగం అక్కడితో అయిపోతుంది.

ఆ పేజీ చదివేసరికి రాత్రి పదకొండున్నర. మా అమ్మాయి సెకండ్ షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. పుస్తకం మూసి, ఫోన్‌లో క్యాబ్ చుక్క చూస్తూ కూర్చున్నాను. ఫ్లైఓవర్ దిగాక ఆ చుక్క కదల్లేదు. నాలుగు నిమిషాలు చూసి ఫోన్ చేశాను. "సిగ్నల్ పడింది నాన్నా" అంది.