పట్టా మీద పేరు ఎవరిది?

[దృశ్యం: బల్ల మీద పక్కపక్కనే రెండు డిగ్రీ పట్టాలు]

మీ బి.ఎ. లేదా బి.ఎస్సీ. పట్టాను ఒకసారి బయటికి తీయండి. చదివింది కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో కావచ్చు, భీమవరం డి.ఎన్.ఆర్.లో కావచ్చు. పట్టా ఇచ్చింది మాత్రం విశ్వవిద్యాలయం. నాన్నగారి పట్టాపై ఆంధ్ర, కూతురి పట్టాపై ఆదికవి నన్నయ. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం 22వ సెక్షన్ ప్రకారం, డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకూ, చట్టం గుర్తించిన మరికొన్ని సంస్థలకూ మాత్రమే ఉంది.

గేటు మీద 'అటానమస్' అని రాసుకున్న కళాశాల సిలబస్ తయారుచేసుకోవచ్చు, పరీక్షలు పెట్టి మార్కులు వేయవచ్చు. డిగ్రీ మాత్రం తన పేరున ఇవ్వలేదు. అడ్మిషన్ల వేళ ఈ తేడా తల్లిదండ్రులకు తెలియాలి, అందుకే ముందుగా చెప్పాను.

[దృశ్యం: విశ్వవిద్యాలయ తరగతి గది]

మరి విశ్వవిద్యాలయ స్వయంప్రతిపత్తి అంటే ఏమిటి? ఏం బోధించాలి, ఎవరు బోధించాలి, ఎలా పరీక్షించాలి అన్నవి ఆ చదువు తెలిసినవారే నిర్ణయించడం. 1976లో రాజ్యాంగ 42వ సవరణతో విద్య, కేంద్రమూ రాష్ట్రాలూ రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలో చేరింది. ఉన్నత విద్యా ప్రమాణాలను నిర్ణయించడం మాత్రం కేంద్రానికే చెందిన కేంద్ర జాబితాలో 66వ అంశం. రాష్ట్రం ఆ హద్దు దాటితే ఏమవుతుందో చెప్పిన తీర్పు మన నేల మీది వివాదంలోనే వచ్చింది.

1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉన్నత విద్యా కమిషనరేట్ చట్టం తెచ్చింది. ఉస్మానియా అధ్యాపకుల సంఘం పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ చట్టం చాలావరకు యూజీసీ చట్టాన్నే పోలి ఉందనీ, విశ్వవిద్యాలయాల విద్యా కార్యక్రమాలను కమిషనరేట్ దాదాపు తన చేతుల్లోకి తీసుకుందనీ 1987లో కోర్టు దాన్ని కొట్టివేసింది. అధ్యాపకులు తెచ్చుకున్న ఈ తీర్పును మన పిల్లలకు పాఠంగా చెప్పాలని నా కోరిక.

నియామకాలకూ హద్దులున్నాయి. పేర్లు సూచించే అన్వేషణ కమిటీ, పేర్ల జాబితాకు బదులు ఒకే ఒక్క పేరు పంపిందని, 2022లో కేరళలోని ఒక ఉపకులపతి నియామకాన్ని సుప్రీంకోర్టు రద్దు చేసింది.

[దృశ్యం: ధవళేశ్వరం లాకులు, కాలువ]

కాలువ తవ్వి ఉన్నంత మాత్రాన శివారు చేనుకు నీరు అందదు, పైన లాకు ఎత్తాలి. స్వయంప్రతిపత్తీ అంతే: జీతాలకు గ్రాంటు, అధ్యాపక ఖాళీల భర్తీకి అనుమతి రాష్ట్ర ప్రభుత్వం నుంచే రావాలి. పాఠం చెప్పేవారు లేని శాఖకు సిలబస్ స్వేచ్ఛ ఉండి ఏం లాభం? నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

మీ అమ్మాయి కోర్సులో ఒక సబ్జెక్టు మారిందనుకోండి. ఆ మార్పు విశ్వవిద్యాలయంలో చదువు విషయాలు నిర్ణయించే అకడమిక్ సెనేట్ తీర్మానమా, సచివాలయ ఉత్తర్వా? సమాచార హక్కు చట్టం కింద నకలు అడగవచ్చు.