వాపూ బలుపూ: పిండిపదార్థాలు, ఒంట్లో నీరు, కాటా మీద అంకె

(కర్నూలులో పొద్దున నడకకు వచ్చేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

"అన్నం మానేశాను, వారానికే మూడు కిలోలు తగ్గాను" అనే మాట నడిచేవాళ్ల మధ్య తరచూ వినబడుతుంది. పదిహేను రోజులు తిరిగేసరికి అదే నోటి నుంచి "ఒక్క పెండ్లి భోజనం తిన్నాను, రెండు కిలోలు పెరిగింది, నా ఒళ్లు ఇంతే" అనే మాట. రెండూ నిజాలే, కాటా అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆ మూడు కిలోల్లో కొవ్వెంత, ఈ రెండు కిలోల్లో కొవ్వెంత అన్నది కాటాకు తెలియదు. వాపు చూసి బలుపు అనుకోవద్దని పెద్దవాళ్లు చెప్పారు. ఇప్పుడు వాపు దిగితే బలుపు తగ్గిందని సంబరపడటం కూడా మొదలైంది. ఆ లెక్క ఒకసారి విప్పి చూద్దాం.

అన్నం, సంగటి, జొన్నరొట్టె, ఉగ్గాని, ఓళిగ, టీలో వేసుకునే చక్కెర, వీటన్నిట్లో నీళ్లు పోను ఎక్కువ భాగం పిండిపదార్థమే. అది అరిగి గ్లూకోజ్‌గా రక్తంలో చేరుతుంది. అప్పటికప్పుడు ఖర్చు కానిదాన్ని ఒళ్లు గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నీ కలిపి 400 గ్రాముల వరకు. కండ ఎక్కువ ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ.

ఈ రెండు నిల్వలూ ఒకేలా పనిచేయవు. కాలేయం మన వెలుగోడు రిజర్వాయర్ లాంటిది. నింపుకుని పెట్టుకుని, కింద అవసరమైనప్పుడు వదులుతుంది. రాత్రి మీరు నిద్రపోతున్నప్పుడు మెదడుకు గ్లూకోజ్ అందించేది ఎక్కువగా అదే, అందుకే తెల్లవారేసరికి చాలావరకు అడుగంటుతుంది. కండరం ఊరి చెరువు. దాని నీళ్లు దాని ఆయకట్టుకే. తొడ కండరంలోని గ్లైకోజెన్ తొడకే పనికొస్తుంది, అక్కడి నుంచి రక్తంలోకి గ్లూకోజ్‌గా రాదు. నడిస్తేనో, మెట్లెక్కితేనో, బరువులెత్తితేనో తప్ప అది తొందరగా తరగదు.

ఇక అసలు సంగతి. సంగటి కెలికే అమ్మలందరికీ ఇది ఇట్టే అర్థమవుతుంది. 80 గ్రాముల పిండి, నూకలు వేసి కెలికితే పావుకిలో ముద్ద వస్తుంది. ఆ మిగతా 170 గ్రాములు ఎక్కడివి? నీళ్లవి. గ్లైకోజెన్ కూడా ఒంట్లో పొడిగా ఉండదు. ఒక్కో గ్రాము తనతోపాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. అంటే నిల్వలు నిండుగా ఉన్నప్పుడు 500 గ్రాముల గ్లైకోజెన్, దానితో కిలోన్నర నీరు, మొత్తం రెండు కిలోలు. దీన్ని మొత్తంగా ఖాళీ చేస్తే పోయే శక్తి ఎంత? గ్రాముకు 4 క్యాలరీల చొప్పున 2,000. అదే రెండు కిలోలు ఒంటి కొవ్వు కరగాలంటే కిలోకు 7,700 చొప్పున 15,400 క్యాలరీల లోటు కావాలి. కాటా మీద రెండూ ఒకే అంకె. ఒంటి మీద మాత్రం ఏడు రెట్లకు పైగా తేడా.

అన్నం, రొట్టె ఒక్కసారిగా మానేసినవాళ్లకు మొదటి వారం జరిగేది ఇదే. గ్లైకోజెన్ తరుగుతుంది, దాన్ని అంటిపెట్టుకున్న నీరు మూత్రంలో పోతుంది. రెండోరోజు, మూడోరోజు రాత్రి రెండుమూడుసార్లు లేవాల్సి రావడం మామూలే.

దీనికి తోడు ఉప్పు సంగతి ఒకటుంది, చాలామంది దీన్ని మరిచిపోతారు. పిండిపదార్థం తిన్నప్పుడు ఇన్సులిన్ పెరుగుతుంది. ఇన్సులిన్ పని రక్తంలోని చక్కెరను సర్దడం ఒక్కటే కాదు, "సోడియాన్ని బయటికి పోనీయకు" అని కిడ్నీకి కూడా చెబుతుంది. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, కిడ్నీ తూము ఎత్తేస్తుంది. ఉప్పు పోతుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. నాలుగైదు రోజులు గట్టిగా ఉపవాసం ఉండి, ఆ తర్వాత కడుపునిండా అన్నం తిన్నవాళ్లకు కాళ్లు, మొహం ఉబ్బినట్టు అనిపించడానికి కారణం కూడా ఇదే. ఇన్సులిన్ ఒక్కసారిగా లేచి తూము దించేస్తుంది.

ఉప్పు లెక్క సులువు. మన రక్తంలో, కణాల చుట్టూ ఉండే నీటిలో లీటరుకు సుమారు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. సెలైన్ సీసా మీద 0.9 శాతం అని రాసి ఉండేది అందుకే. రోజువారీ కంటే 9 గ్రాములు ఎక్కువ ఉప్పు తిని, అది బయటికి పోకుండా ఆగితే, ఒళ్లు ఒక లీటరు నీటిని పట్టి ఉంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది, అంటే ఒక టీస్పూను కంటే తక్కువ. మన ఊరుబిండి, ఆవకాయ, అప్పడం, మిరపకాయ బజ్జీ కలిస్తే ఆ గీత మధ్యాహ్నానికే దాటిపోతుంది.

ఇప్పుడు ఆ పెండ్లి భోజనం. శుక్రవారం పొద్దున ఒకాయన బరువు 77.6 అనుకుందాం. వారమంతా తిండి కాస్త బిగబట్టి ఉన్నాడు, కాబట్టి గ్లైకోజెన్ నిల్వల్లో ఖాళీ ఉంది. ఆ రాత్రి రిసెప్షన్లో బిర్యానీ, రెండు ఓళిగలు, కూల్‌డ్రింకు, ఐస్‌క్రీము. శనివారం పొద్దున కాటా 79.3 చూపిస్తుంది. కిలో ఏడువందలు! అది మొత్తం కొవ్వే అయితే, రోజూ తినే తిండి పోను అదనంగా 13,000 క్యాలరీలు తిని ఉండాలి. నెయ్యి వేసిన ఓళిగకు 250 క్యాలరీలు అనుకుంటే, యాభైకి పైగా ఓళిగలు. ఎంత కర్నూలు పెండ్లి అయినా అంత తినలేరు.

మరి ఆ 1,700 గ్రాములు ఏమిటి? ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది. 200 గ్రాముల గ్లైకోజెన్, దాని వెంట 600 గ్రాముల నీరు. నాలుగున్నర గ్రాముల ఎక్కువ ఉప్పుకు అర లీటరు నీరు. పేగుల్లో ఇంకా దిగని తిండి ఒక 300 గ్రాములు. అసలు కొవ్వు, 800 క్యాలరీలు ఎక్కువ తిన్నాడనుకుంటే, 100 గ్రాములు. అంతే. మామూలు తిండికి వచ్చేస్తే మూడు నాలుగు రోజుల్లో ఆ నీరంతా దానంతటదే పోతుంది. భయపడి శనివారం పస్తుండి ఆదివారం మళ్లీ విరుచుకుపడితేనే అంకె పైకీ కిందికీ ఊగుతుంది.

అట్లని పిండిపదార్థంతో కొవ్వే రాదని నేననటం లేదు. రోజూ 300 క్యాలరీలు ఎక్కువ తింటే, అవి అన్నంలోవైనా, చెనక్కాయల్లోవైనా, నెలకు కిలోకు పైగా కొవ్వు కట్టేందుకు సరిపోతాయి. అది మాత్రం నెమ్మదిగా వస్తుంది, ఒక్క రాత్రిలో రాదు.

సంగటి మీద ఇక్కడ ఒక గట్టి నమ్మకం ఉంది: అన్నం తింటే నీరు పడుతుంది, రాగులు తింటే పట్టదు. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. రాగుల్లో 67, జొన్నల్లో 68. తేడా ఉంది, కానీ జనం అనుకునేంత లేదు. పైగా మన సంగటిలో బియ్యమో నూకలో ఎలాగూ పడతాయి. రాగుల బలం వేరేచోట ఉంది. వాటిలో పీచు 11 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. అందుకే ముద్ద తింటే కడుపు నిండుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. "రాగి కదా" అని రెండు ముద్దలకు మూడు లాగిస్తే ఆ లాభం పోయినట్టే. రాగిజావ, మెత్తటి మాల్టు తాగితే అరుగుదల కూడా వేగంగానే ఉంటుంది.

పిండిపదార్థం ఎంత తినాలి అన్నదానికి నా సలహా, సున్నాకు దించకండి. 75 కిలోల మనిషి, రోజూ గంట నడిచేవాడు, బరువు తగ్గాలనుకుంటే రోజుకు 180 గ్రాముల దగ్గర ఉంటే సరిపోతుంది. పొద్దున మూడు చిన్న ఇడ్లీలకు 35. మధ్యాహ్నం వండిన అన్నం 200 గ్రాములకు 56. ఇంట్లో వంటకు వాడే చిన్న కాటా మీద ఒక్కసారి తూచి చూడండి, ఆ గిన్నె గుర్తుపెట్టుకుంటే చాలు. రాత్రి ఒక్కోటి 40 గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టెలు రెండింటికి 54. పప్పు, పాలు, ఒక పండు కలిపి ఇంకో 40. అన్నిటికంటే ముఖ్యం, ఈ మొత్తం రోజుకు రోజు దాదాపు ఒకేలా ఉండాలి. సోమవారం 60, మంగళవారం 300 తింటే ఒంట్లో నీరు దాని వెంటే తిరుగుతుంది, కాటా చూసి మీకేమీ తెలియదు.

పూర్తిగా మానేయాలని పట్టుబట్టినవాళ్లకు ఒక మాట. మూడో రోజు తలనొప్పి, నిలబడితే కళ్లు తిరగడం, రాత్రి పిక్కలు పట్టేయడం వస్తే అది "కొవ్వు కరుగుతున్న గుర్తు" కాదు. ఉప్పూ నీరూ పోయిన గుర్తు. మే నెలలో, 42 డిగ్రీల ఎండలో, చెమట కూడా కారుతుంటే ఇది ఇంకా ముదురుతుంది. మిగతా ఆరోగ్యం బాగున్నవాళ్లకు ఉప్పేసిన మజ్జిగ చాలు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఉప్పు పెంచకూడదు.

షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా వినాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో అంతే మోతాదులో తీసుకుంటూ అన్నం మానేస్తే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్లు పిండిపదార్థం బాగా కోసేస్తే, మీటర్లో చక్కెర పెద్దగా పెరగకపోయినా రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు విరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు, ప్రమాదస్థాయికి చేరవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. తిండి మార్చకముందే మాత్రల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడండి.

బరువు ఎలా చూసుకోవాలి? పొద్దున లేచి, దొడ్డికి వెళ్లొచ్చాక, మంచినీళ్లు కూడా తాగకముందు, ఒకే రకం పలచటి బట్టల్లో. కాటా గట్టి నేల మీద ఉండాలి. చాప మీదో కార్పెట్ మీదో పెడితే అంకె తప్పుతుంది. కాటాను గదులు మార్చకండి. ఏడు రోజుల అంకెలు రాసి, కూడి, ఏడుతో భాగించండి. ఇందాకటి ఆయనదే చూడండి. సోమవారం నుంచి 78.4, 78.1, 77.9, 78.2, 77.6, 79.3, 78.8. సగటు 78.3. తర్వాతి వారం 78.3, 77.9, 77.7, 77.8, 77.5, 77.6, 77.9. సగటు 77.8. పెండ్లి భోజనం తిన్నా సరే సగటున అరకిలో తగ్గాడు. శుక్రవారం, శనివారం అంకెలు రెండే చూసి ఉంటే ఏడుస్తూ కూర్చునేవాడు. దీనితోపాటు రెండు వారాలకొకసారి బొడ్డు దగ్గర టేపుతో నడుము కొలవండి, ఊపిరి మామూలుగా వదిలాక. ఆడవాళ్లు నెలసరికి ముందు వారాన్ని దాని ముందు వారంతో పోల్చకండి, పోయిన నెల అదే వారంతో పోల్చండి.

మీరిచ్చిన చీటీల్లో కొన్ని ప్రశ్నలున్నాయి.

"నీళ్లు తగ్గిస్తే నీరు దిగుతుందా?" దిగదు. తక్కువ తాగితే ఒళ్లు ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, మూత్రం చిక్కబడుతుంది. రాయలసీమ ఎండలకు కిడ్నీలో రాళ్లు కూడా తోడవుతాయి.

"మెడికల్ షాపులో నీరు తీసే మాత్ర ఇస్తున్నారు, వేసుకోవచ్చా?" వద్దు. కొవ్వు ఒక్క గ్రాము కూడా కరగదు. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది.

"కానిస్టేబుల్ సెలెక్షన్లకు మావాడు 1600 మీటర్లు పరిగెత్తాలి, తేలికవుతాడని అన్నం మాన్పించాము." తిరిగి పెట్టండి. ఆ పరుగుకు తొడలో ఉన్న గ్లైకోజెనే కావాలి. ముందురోజు అన్నం బాగా తిని కిలో బరువెక్కినా నష్టం లేదు, చెరువు ఎండబెట్టి పరిగెత్తిస్తేనే నష్టం.

చివరి చీటీ: "నాకు కాళ్ల వాపు ఉంది, అన్నం మానేస్తే పోతుందా?" ఇప్పటిదాకా చెప్పుకున్న నీరు ఒళ్లంతా సర్దుకుని ఉండేది, మామూలుగా కంటికి కనిపించదు. మీది కంటికి కనిపించే వాపు. సాయంత్రం మోకాలి కింద, ముందువైపు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీయండి. గుంట పడి నెమ్మదిగా పూడుతుంటే దాన్ని తిండి మీదికి నెట్టకండి. గుండె, కిడ్నీ, కాలేయం చూపించుకోవాలి. బీపీకి ఆమ్లోడిపిన్, షుగరుకు పయోగ్లిటాజోన్ వేసుకునేవాళ్లకు ఆ మాత్రల వల్లా వాపు వస్తుంది, కానీ సొంతంగా ఆపకండి, మందుల చీటీతో సహా డాక్టరుకు చూపించండి. వాపు ఒక్క కాలికే ఉండి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే రేపటికి వాయిదా వేయకండి, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఆయాసం కూడా ఉంటే ఇక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికే వెళ్లండి.