ఏడులో సగం ఎంత?

అందరికీ నమస్కారం. నాకిచ్చిన సమయం తక్కువ, అందుకని సూటిగా విషయంలోకి వస్తాను.

ఏడులో సగం ఎంతని మీ తరగతిలో పిల్లల్ని అడగండి. ఒకరు "రాదండీ" అంటారు, ఇంకొకరు "మూడండీ" అంటారు, చురుకైనవాడు "మూడు, శేషం ఒకటి" అంటాడు. చివరివాడికి మనం మార్కులు వేసేస్తాం. చిక్కంతా అక్కడే ఉంది. సగం అంటే మొత్తాన్నీ రెండు సమాన భాగాలు చేయాలి కదా! ఒకటి పక్కన పెట్టేశాక వాడు చెప్పింది ఆరులో సగం.

అలాగని ప్రతిసారీ కోయలేం. ఏడుగురిని రెండు జట్లు చేయమంటే జట్టుకి మూడున్నర మంది రారు, ఒకరు బయట నిలబడాల్సిందే. ఏడు మీటర్ల తాడైతే మూడున్నర దగ్గర హాయిగా కోసేయొచ్చు. అందుకే లెక్కలోకి దిగే ముందు "మిగిలింది తెగేదా, తెగనిదా?" అని అడగడం అలవాటు చేయండి.

తెగేదైతే కాగితం పట్టీ తీయండి. సున్నా నుంచి ఏడు దాకా సమాన దూరాల్లో గీతలు గీయించి, ఏడు వచ్చి సున్నా మీద పడేలా మడవమనండి. మడత ఏ గీత మీదా పడదు, మూడుకీ నాలుగుకీ నట్టనడుమ పడుతుంది. విప్పకుండా మరోసారి సగానికి మడిచి, అప్పుడు విప్పమనండి. ఒకటీ ముప్పావు, మూడున్నర, ఐదుంబావు దగ్గర మడతలు కనిపిస్తాయి. ఒకటీ ముప్పావు దగ్గరి మడత రెండుకి అంత దగ్గరగా ఎందుకుందని అడిగి ఊరుకోండి. (మనకి ఊరుకోవడమే కష్టం, అది వేరే సంగతి.) ఎనిమిదిలో పావు రెండు, ఏడు దానికంటే కాస్త తక్కువ కాబట్టి అని ఎవరో ఒకరు పట్టుకుంటారు.

పావంటే సగంలో సగం. 35లో పావు కావాలంటే, 34లో సగం 17, మిగిలిన ఒకటిలో సగం అర. పదిహేడున్నర వచ్చింది. దాన్ని మళ్లీ 16, ఒకటిన్నరగా విడగొడితే 8 సులువుగానే వస్తుంది, ఒకటిన్నర దగ్గర పిల్లలు ఆగిపోతారు. ఒకటిన్నరంటే ఆరు పావులు, అందులో సగం మూడు పావులు. జవాబు ఎనిమిదీ ముప్పావు.

దశాంశాలకి తొందరపడితే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. 30ని 4తో భాగిస్తే 7 వచ్చి 2 మిగులుతుంది. పిల్లలు శేషాన్ని అలాగే చుక్క పక్కన దించేసి 7.2 అని రాసేస్తారు. ఆ రెండుని ఇంకా నాలుగు భాగాలు చేయాలి, ఒక్కోదానికి అర వస్తుంది, కాబట్టి 7.5. నాలుగుతో భాగిస్తే మిగిలేవి ఒకటి, రెండు, మూడే. అవే పావు, అర, ముప్పావు. చుక్క పెట్టి రాస్తే 0.25, 0.5, 0.75. ఎంత పెద్ద సంఖ్యకైనా ఇంతే.

7.2 రాసినవాడికి తప్పని చెప్పకండి, దాన్ని రెండుసార్లు రెట్టింపు చేయమనండి. 14.4 వస్తుంది, తర్వాత 28.8. ముప్పై రాలేదు. తక్కిన 1.2 ఎటు పోయిందో వాడినే వెతకనివ్వండి.